హ్యూగో పార్షియల్‌కి ఒకటికి మించి విలువలు పంపాలంటే

వెబ్‌సైట్లు తయారుచేసే హ్యూగోలో పార్షియల్‌కి (పదేపదే వాడుకునే టెంప్లేట్ ముక్కకి) ఫైలు పేరు కాక పంపగలిగేది ఒక్క విలువే. చాలామంది అక్కడ చుక్క (అప్పటి విలువ, మామూలుగా పేజీ) పెట్టి వదిలేస్తారు. పేజీ ఒక్కటే కావాలంటే అది చాలు. బొమ్మ దారి, వెడల్పు, వివరణ కూడా వెళ్లాలంటే 'డిక్ట్'తో మూటగట్టి పంపాలి: పేరు, విలువ, పేరు, విలువ అని వరసగా. మొత్తం సరిసంఖ్యలో లేకపోతే బిల్డ్ (సైటు తయారీ) అక్కడే ఆగుతుంది.

అసలు చిక్కు లోపలుంది. పార్షియల్‌లో చుక్క అంటే ఇక పేజీ కాదు, మీరు పంపిన డిక్ట్. టెంప్లేట్‌కి మొదట అందిన విలువను సూచించే డాలర్ గుర్తు కూడా దాన్నే చూపిస్తుంది. పేజీ శీర్షిక కావాలంటే 'పేజ్' అనే పేరుతో పేజీనీ అందులో పెట్టి, దాని ద్వారా అడగాలి. పంపేచోటు రేంజ్ (వరసలోని అంశాలను ఒక్కొక్కటిగా తీసే లూప్) లోపల ఉంటే చుక్క ఆ వరసలోని అంశం అయిపోతుంది కాబట్టి, పేజీకి డాలర్ వాడండి. డిక్ట్‌లో లేని పేరు అడిగితే ఎర్రర్ రాదు, ఖాళీ వస్తుంది. వెతికి పట్టుకోవడం విసుగు. విలువ లేనప్పుడు బదులు ఇచ్చే 'డిఫాల్ట్' పెట్టొచ్చు గానీ, సున్నా పంపినా అది లేనట్టే లెక్క.

డిక్ట్ పేర్లు తెలుగు లిపిలో పెట్టాలని సరదా పడితే: గుణింతపు గుర్తులను హ్యూగో వాడే గో టెంప్లేట్ అక్షరాలుగా ఒప్పుకోదు, చుక్క తర్వాత రాస్తే పార్సింగ్‌లోనే తప్పుతుంది. పేరుతో విలువ తీసే 'ఇండెక్స్'తో కోట్స్‌లో రాస్తే పనిచేస్తుంది.

ఫలితాన్ని దాచి మళ్లీ వాడే 'పార్షియల్ క్యాష్‌డ్' వాడితే, డిక్ట్ మారినా పాత ఫలితమే వస్తుంది. మారే విలువను చివర వేరియంట్‌గా (దాచిన ఫలితాలను వేరుచేసే గుర్తుగా) మళ్లీ ఇవ్వాలి.