కడప నుంచి నా దుకాణం చూసుకున్న అమ్మాయి

గత ఏడాది ఆషాఢంలో పట్టుకున్న దగ్గును నేను ఐదు వారాలు లెక్కచేయలేదు. శ్రావణం ముంగిట ధర్మవరం పట్టుచీరలు అమ్మేవాళ్లకు ఒంటి గురించి ఆలోచించే తీరిక ఉండదు. అనంతపురంలో మా ఇంటి ముందుగదే నా దుకాణం. మగ్గాల దగ్గరికి వెళ్లి చీరలు తెచ్చుకోవడం, ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపడం, పార్సిళ్లు కట్టించడం, పన్ను లెక్కలు, అన్నీ నావే. సాయంకాలపు జ్వరం, రాత్రి తడిసిపోయే దిండు, 54 కిలోల నుంచి 48కి దిగిన బరువు చూసి అమ్మ పోరుపెట్టాకే ఆసుపత్రికి వెళ్లాను. తెమడను క్షయ క్రిమిని కనిపెట్టే సీబీనాట్ యంత్రంలో పెట్టారు. క్షయ అని, అయితే రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు లొంగే రకమేనని తేలింది.

మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, ఆ తరువాత పైరజినమైడ్ తీసేసి మిగిలిన మూడు మందులతో నాలుగు నెలలు. నా బరువుకు రోజుకు మూడు మాత్రలు పరగడుపున వేసుకోవాలి. మూత్రం పారాణి నీళ్లలా ఎర్రగా వస్తే, రిఫాంపిసిన్ వల్లనేనని ముందే చెప్పి ఉన్నారు కాబట్టి భయపడలేదు. భయపెట్టింది మతిమరుపు. వికారంతో పడుకుని లేచేసరికి ఎవరికి ఏ చీర చెప్పానో, ఎవరి డబ్బు వచ్చిందో గుర్తుండేది కాదు. ఆ నెల 20వ తేదీకి వేయవలసిన జీఎస్టీ రిటర్ను తప్పిపోయి, రోజుకు 50 రూపాయల చొప్పున ఆలస్య రుసుము కట్టవలసి వచ్చింది.

వర్చువల్ అసిస్టెంటును, అంటే దూరం నుంచే ఫోనులో, కంప్యూటరులో పనులు చేసిపెట్టే మనిషిని, పెట్టుకోమన్నది మా తమ్ముడు. ఇంట్లో అడుగుపెట్టని మనిషి ఇంటి పని ఎలా చేస్తుందని నవ్వాను గానీ, దగ్గరికి ఎవరూ రాకూడదనుకునే రోగికి అంతకన్నా తగిన ఏర్పాటు లేదని తరువాత అర్థమైంది. కడపలో తన ఇంట్లోనే కూర్చుని పనిచేసే, బీకాం చదివిన అమ్మాయి దొరికింది. రోజుకు మూడు గంటలు, నెలకు 9,000 రూపాయలు. నా బిజినెస్ వాట్సాప్‌ను తన కంప్యూటరుకు జోడించి ఇచ్చాను. బ్యాంకు పాస్‌వర్డు మాత్రం ఇవ్వలేదు. చెల్లింపులు నేనే చేసేదాన్ని. రిటర్ను తాను నింపి పెట్టేది, ఓటీపీ నా ఫోనుకు వచ్చేది. జ్వరంలో ఉన్న మనిషిని ఓటీపీ కోసం లేపవలసి రావడం ఈ ఏర్పాటులోని పెద్ద ఇబ్బంది. చివరికి ఓటీపీ అవసరమైన పనులన్నీ పదకొండు గంటలకు ఒకేసారి పెట్టుకున్నాం.

అసలు కష్టం పని అప్పగించడంలో కాదు, చెప్పడంలో వచ్చింది. "మామూలు వాళ్లకు మామూలు ధరే చెప్పు" అని రాసి పంపితే, "మామూలు వాళ్లంటే ఎవరక్కా?" అని అడిగింది. పదహారేళ్లుగా నా తలలోనే ఉన్న సంగతులను పడుకునే, ముక్కలు ముక్కలుగా వాయిస్ మెసేజీల్లో చెప్పాను: బళ్లారి ఆమెకు జరీ పలచగా ఉండాలి, హిందూపురం టీచరమ్మకు అమావాస్య నాడు పార్సిల్ పంపకూడదు, ఫలానా ఇంటికి అప్పు ఇవ్వవచ్చు, వాళ్ల మేనకోడలికి ఇవ్వకూడదు. అవన్నీ ఆ అమ్మాయి ఒక పట్టికగా రాసింది. ఇంట్లోకి గ్యాసు బుక్ చేయడం, అమ్మ బీపీ మాత్రలు తెప్పించడం కూడా తన పనే. క్షయ రోగుల పోషకాహారానికి ప్రభుత్వం ఇచ్చే నెలకు 1,000 రూపాయలు ఎందుకు పడటం లేదో ఆరా తీసి, ఆధార్‌తో కలపని పాత ఖాతా నంబరును నేనే ఇచ్చానని కనిపెట్టింది కూడా తనే.

ఒక్క విషయంలో కోప్పడ్డాను. కొనేవాళ్లు నా గురించి అడిగితే "అక్క ఊళ్లో లేదు" అని జవాబిస్తోంది. జబ్బు పేరు బయటపెట్టే ధైర్యం నాకూ లేదు. అయినా అబద్ధం వద్దని, ఒంట్లో బాగాలేదని చెబితే చాలన్నాను.

నా మందుల్లో ఒకటైన ఇథాంబుటాల్ కొందరికి కంటి నరాన్ని దెబ్బతీస్తుందని, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో తేడా తెలియకపోతే వెంటనే రావాలని డాక్టరు మొదటి రోజే హెచ్చరించారు. రంగులు చూసి బతికేదాన్ని, ఆ మాట నన్ను దగ్గుకన్నా ఎక్కువగా పీడించింది. నాలుగో నెలలో ఒక రాత్రి పక్కమీదనుంచే ఒక ఫొటో చూసి "ఇటుక రంగు, ఆకుపచ్చ అంచు" అని రాసి పంపాను. "నాకు మిరపపండు ఎరుపులా ఉందక్కా. పొద్దున్నే చీరనే తీసి చూడండి" అని జవాబు వచ్చింది. ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లవారాక కిటికీ దగ్గర మడత విప్పితే నిక్కమైన మిరపపండు ఎరుపు. అయినా కంటి డాక్టరుకు చూపించుకున్నాను. చూపులో లోపమేమీ లేదన్నారు. రాత్రిపూట తెరను పసుపుగా మార్చే అమరిక నా ఫోనులో ఎప్పుడో ఆన్ అయి ఉండటమే కారణం.

మాఘంలో మాత్రలు ఆగిపోయాయి. బరువు 52కి వచ్చింది. ఆ అమ్మాయి ఇప్పుడు రోజుకు గంటన్నరే పనిచేస్తుంది. పార్సిళ్లు, రిటర్నులు ఆమెవే. చీరల రంగు పేర్లు మాత్రం నేనే రాస్తాను, పగటి వెలుతురులో.