సగం స్లైడ్‌కే రంగు పట్టిన రోజు

పాథాలజీ పీజీ రెండో ఏడాదిలో నాకు ఐహెచ్‌సీ డ్యూటీ పడింది. ఐహెచ్‌సీ అంటే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. రెండు మామూలు రంగులతో చేసే హెచ్ అండ్ ఈ స్లైడ్ మీద కణం ఆకారం చూసి తేల్చలేనప్పుడు, ఆ కణంలో ఏ ప్రోటీన్ ఉందో యాంటీబాడీతో పట్టి, రంగు తెప్పించి చూసే పద్ధతి. థియరీ పరీక్షలో దీని మీద పది మార్కుల ప్రశ్నకు నేను బాగానే రాశాను. చేత్తో చేయడం వేరే సంగతని తర్వాత తెలిసింది.

ఆ కేసు మెడలో గడ్డ. లావు సూదితో ముక్క తీసే ట్రూకట్ బయాప్సీలో వచ్చినవి రెండే ముక్కలు, విరిగిన సేమియా అంత సన్నం. ఒకదాంట్లో ఎక్కువగా మామూలు చిన్న లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు), రెండోదాని నిండా పెద్ద పెద్ద గుండ్రటి కణాలు. క్యాన్సర్ అన్నది ఖాయం. లింఫోసైట్ల క్యాన్సరైన లింఫోమానా, వేరే అవయవం పొర కణాల నుంచి పాకి వచ్చిన కార్సినోమానా, చర్మానికి రంగునిచ్చే కణాల క్యాన్సరైన మెలనోమానా? మూడూ ఇలాగే కనిపించగలవు, మూడింటికీ వైద్యం పూర్తిగా వేరు. అందుకే మొదటి ప్యానెల్‌గా మూడు యాంటీబాడీలు పెట్టమన్నారు మా మేడమ్: లింఫోమాకి ఎల్‌సీఏ, కార్సినోమాకి సైటోకెరాటిన్, మెలనోమాకి ఎస్100.

పేషెంట్ కొడుకు రోజూ కౌంటర్ దగ్గరికి వచ్చేవాడు. "రంగు వెయ్యాలి, రెండు మూడు రోజులు పడుతుంది" అని ఎవరో చెప్పినట్టున్నారు. "మేడమ్, ఇంకా రంగు వెయ్యలేదా?" అని అడిగేవాడు, గోడకి సున్నం సంగతి అడిగినట్టు.

మొదటి ప్రయత్నం మొదట్లోనే పోయింది. టెక్నీషియన్ అన్న సెలవులో ఉన్నాడు, మైనపు బ్లాక్‌లో ఉన్న కణజాలం నుంచి పలచటి సెక్షన్లు నేనే కట్ చేశాను. సెక్షన్ గట్టిగా అతుక్కునే కోటెడ్ స్లైడ్లు ఎక్కడున్నాయో కనపడక, ఆల్బుమిన్ రాసిన మామూలు స్లైడ్ల మీదే ఎత్తాను. ముక్క పాడవకుండా ముందే వేసే ఫార్మలిన్ ప్రోటీన్లను ఒకదానికొకటి ముడివేస్తుంది. ఆ ముడులు వదిలితే తప్ప యాంటీబాడీకి దారి దొరకదు. అందుకని స్లైడ్లను సిట్రేట్ బఫర్‌లో పెట్టి ప్రెషర్ కుక్కర్‌లో ఉడికిస్తాం. అవును, ఇంట్లో పప్పు వండే కుక్కరే. ఇలా వేడి చేస్తే పోయిందనుకున్న రంగు తిరిగి పడుతుందని 1991లో మైక్రోవేవ్‌తో చేసి చూపించారు. అప్పటిదాకా చాలా యాంటీబాడీలు ఫార్మలిన్ ముక్కల మీద పనిచేసేవే కావు. సరే, నా కుక్కర్ విషయానికొస్తే, మూత తీసేసరికి మూడు సెక్షన్లూ స్లైడ్లు వదిలేసి, పాల మీద మీగడ తరకల్లా బఫర్‌లో తేలుతున్నాయి.

బ్లాక్‌లో ఉన్నదే కొంచెం. సెక్షన్ మందం మూడు నాలుగు మైక్రాన్లే అయినా, బ్లాక్‌ని మళ్లీ మైక్రోటోమ్‌కి (సెక్షన్లు కోసే యంత్రం) బిగించిన ప్రతిసారీ ముఖం సరిచేయడానికే కొంత కణజాలం పోతుంది. మర్నాడు అన్న వచ్చి, ఏమీ అనకుండా, కోటెడ్ స్లైడ్ల డబ్బా నా ముందు పెట్టాడు. ఈసారి అవసరం పడతాయని పన్నెండు సెక్షన్లు ఒకేసారి కట్ చేసి పెట్టుకున్నాం.

రెండో ప్రయత్నం పద్ధతిగానే సాగింది. జైలీన్, ఆల్కహాల్, నీళ్లు, కుక్కర్. కుక్కర్‌ని దానంతటది చల్లారనిచ్చాను, చన్నీళ్లు పొయ్యలేదు. తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎందుకంటే చివర్లో రంగు తెప్పించేది పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్, ఎర్ర రక్తకణాల్లోనూ పెరాక్సిడేజ్ లాంటి గుణం ఉంటుంది, దాన్ని ముందే ఆపకపోతే అవి కూడా గోధుమ రంగుకి తిరుగుతాయి. తడి ఫిల్టర్ పేపర్ పరిచిన స్టీలు డబ్బాలో స్లైడ్లు పేర్చి, చుక్క చుక్కగా యాంటీబాడీ వేసి గంట వదిలేశాను. గోధుమ రంగు తెప్పించే డీఏబీ వేశాక, పని సరిగా జరిగిందో తెలియడానికి కంట్రోల్‌గా పెట్టిన టాన్సిల్ స్లైడ్ కళ్ల ముందే డికాషన్ రంగులోకి మారింది. ప్రాణం లేచొచ్చింది.

పేషెంట్ స్లైడ్లో పెద్ద కణాలకు మూడూ నెగెటివ్. కంట్రోల్ బాగుంది కదా, ఫలితం నమ్మొచ్చు అనుకున్నాను. "ఏ కోవకూ చెందని క్యాన్సర్, మరిన్ని పరీక్షలు అవసరం" అన్న అర్థంలో రిపోర్టు డ్రాఫ్ట్ కూడా రాసేశాను.

మేడమ్ ఎల్‌సీఏ స్లైడ్‌ని చాలాసేపు చూశారు. "ఈ రెండో ముక్కలో పెద్ద కణాల మధ్య చిన్న లింఫోసైట్లు కనపడుతున్నాయా?"

"ఉన్నాయి మేడమ్."

"ఏ రంగులో ఉన్నాయి?"

నీలం. అన్ని కణకేంద్రకాలకూ పట్టే హెమటాక్సిలిన్ నీలం తప్ప ఏమీ లేదు. ఎల్‌సీఏ అంటేనే తెల్ల రక్తకణాల గుర్తు, లింఫోసైట్‌కి అది పట్టకపోవడమన్నది ఉండదు. మొదటి ముక్కలో ప్రతి లింఫోసైట్ చుట్టూ సన్నటి గోధుమ రంగు గీత ఉంగరంలా ఉంది. అదే స్లైడ్ మీద, నాలుగు మిల్లీమీటర్ల అవతల, రెండో ముక్కలో ఒక్క ఉంగరమూ లేదు. స్లైడ్‌ని చేత్తో పట్టుకుని వెలుతురుకి పెట్టి చూస్తే, చెరువు గట్టు మీద నీటి మట్టం గీతలాగా రంగు ఆగిపోయిన చోటు మామూలు కంటికే కనిపించింది. యాంటీబాడీ ఆ ముక్క దాకా వెళ్లనే లేదు. నేను చూసింది నెగెటివ్ కాదు, అసలు వెయ్యని రంగు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ డ్రాఫ్ట్ అలాగే సంతకమై వెళ్లుంటే అన్న ఆలోచన ఆ రాత్రి నిద్ర పోనివ్వలేదు.

కారణం కనిపెట్టింది మాత్రం అన్నే. వార్డుల వైపు గోడలు కడుతున్న మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. బుడగ ఒక చివరికి వెళ్లి కూర్చుంది. పక్కకి ఒరిగిన బల్ల మీద డబ్బా, డబ్బాలో స్లైడ్లు, వాటి మీద వేసిన చుక్కలన్నీ కిందికే జారాయి. పైగా నేను ముక్కల చుట్టూ ప్యాప్ పెన్‌తో గీత గీయలేదు. ఆ మైనపు గీత ఉంటే చుక్క లోపలే నిలబడేది. బల్ల కాలి కింద అట్ట మడిచి పెట్టి, బుడగ మధ్యకి వచ్చాక మూడు స్లైడ్లూ మళ్లీ మొదలుపెట్టాం. మిగతా రెండు నెగెటివ్‌లనూ నమ్మడానికి లేదు కాబట్టి మూడూ తప్పలేదు.

ఈసారి ఎల్‌సీఏ పెద్ద కణాలన్నింటికీ పట్టింది. సైటోకెరాటిన్ లేదు. ఎస్100 కూడా లేదు, కానీ మామూలుగానే ఎస్100 పట్టే డెండ్రైటిక్ కణాలు అక్కడక్కడా గోధుమ రంగులో ఉన్నాయి, అంటే ఈసారి యాంటీబాడీ అక్కడిదాకా వచ్చింది. లింఫోమా. దాచిన సెక్షన్ల మీద రెండో ప్యానెల్ పెట్టాం. బీ లింఫోసైట్ల గుర్తు సీడీ20 గట్టిగా పాజిటివ్, టీ లింఫోసైట్ల గుర్తు సీడీ3 మధ్యలోని చిన్న టీ కణాలకే, విభజన చెందుతున్న కణాలను చూపే కీ-67 సుమారు 80 శాతం కణకేంద్రకాల్లో. డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా. సీడీ20 ఉంది కాబట్టి కీమోతో పాటు రిటుక్సిమాబ్ ఇవ్వడానికి వీలుంటుంది. ఆ మందు అతుక్కునేది ఈ ప్రోటీన్‌కే.

రిపోర్టు కౌంటర్‌లో నేనే ఇచ్చాను. కొడుకు రెండు పేజీలూ తిప్పి చూసి, "ఇందులో రంగేమీ లేదు కదా మేడమ్" అన్నాడు. "రంగు లోపల స్లైడ్ల మీద ఉంది, ఇది ఆ రంగు చూసి మేం రాసిన ఫలితం" అని చెప్పి, కాగితం వెనక ఆంకాలజీ ఓపీ గది నంబరు రాసిచ్చాను. అన్న అప్పటికే రసమట్టం తిరిగిచ్చేశాడట. సాయంత్రం నేను బజారుకెళ్లి ఒకటి కొన్నాను, బిల్లు డిపార్ట్‌మెంట్‌కి పెట్టలేదు.