నాలుగూ మార్చాల్సిందే

ఇంజిన్ శక్తిని ఎంత పెంచినా అది రోడ్డుకు చేరేది నాలుగు అరచేతులంత రబ్బరు మీదుగానే. అందుకే నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే నా సుబారు ఎస్‌టీఐ కారుకు టైర్లు ఎంచుకోవడానికి ఇంత సమయం తీసుకున్నాను.

ముందు చక్రం టైరు పక్కగోడలో మేకు దిగింది. అక్కడ అతుకు వేయకూడదు. "ఆ ఒక్కటీ మారిస్తే సరిపోదా అన్నయ్యా?" అని తమ్ముడు అడిగాడు. ఈ కారుకు సరిపోదు. కొత్త టైరు చుట్టుకొలత అరిగిన వాటికన్నా ఎక్కువ. ఆ తేడా భారమంతా ముందు, వెనుక చక్రాలకు శక్తిని పంచే గేర్ల అమరిక, అంటే సెంటర్ డిఫరెన్షియల్ మీద పడుతుంది. తేడా పావు అంగుళం దాటకూడదని సుబారు చెబుతోంది.

ట్రాక్ మీద బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్ఎస్ టైరు పట్టు అద్భుతం. కానీ దాని ట్రెడ్‌వేర్ అంకె (ఎంతకాలం అరగకుండా ఉంటుందో చెప్పేది) 200 మాత్రమే, అంటే త్వరగా అరుగుతుంది. పైగా సియాటిల్‌లో వేసవి తప్పితే మిగతా కాలమంతా వానలు ఎక్కువే. చివరికి 300 అంకె ఉన్న మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్‌నే తీసుకున్నాను. 7 డిగ్రీల సెల్సియస్ దిగువన ఈ వేసవి రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది కాబట్టి చలికాలానికి వేరే సెట్టు తప్పదు. ఖర్చే, అయినా ప్రాణం కన్నా ఎక్కువా!

బిగించే ముందు ప్రతి టైరు పక్కగోడ మీదా వేలు పెట్టి తయారీ కోడ్‌లోని చివరి నాలుగంకెలు చదివాను. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైనదని అర్థం. పాత సరుకైతే అక్కడే తిప్పి పంపండి.

శనివారం అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయిస్తున్నాను. నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) ఎక్కువగా పెట్టుకున్నవాళ్లు మీ టైర్ల లోపలి అంచు ఎలా అరుగుతోందో చెప్పండి.