బబుల్ ర్యాప్ చుట్టుకున్న చెయ్యి

ఆదివారం, రాత్రి పదకొండు.

శుక్రవారం ఇల్లు మారుతున్నాం. పొద్దున్నుంచీ గాజు సామాను సర్దడంతోనే సరిపోయింది. పక్కన కూర్చుని బబుల్ ర్యాప్ టప్ టప్‌మని పేలుస్తున్న మా వాడు కాసేపటికి దాన్ని చేతికి చుట్టుకుని, "అమ్మా, ఇటు చూడు" అన్నాడు. చూశాను. చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. నోవా గుర్తొచ్చాడు.

డాక్టర్ హూ, కాలంలో ప్రయాణించే డాక్టర్ అనే పాత్ర కథలతో వచ్చే బ్రిటిష్ టీవీ సీరియల్, 1963లో మొదలైంది. ఆ పాత్రలో ఎంతమంది నటులు మారినా నాకు టామ్ బేకరే డాక్టర్. ఆయన 1974 నుంచి 1981 దాకా చేశాడు. అందులోనూ మొదటి మూడేళ్ళ కథలంటే నాకు ప్రాణం. లండన్‌లో చదువుకునే రోజుల్లో డీవీడీలు ఒక్కొక్కటే కొనుక్కున్నాను.

నోవా ఉండేది 'ది ఆర్క్ ఇన్ స్పేస్'లో. 1975లో వచ్చిన నాలుగు భాగాల కథ. సూర్యుడి జ్వాలలకు భూమి మాడిపోతుందని తెలిసి, ఎంపిక చేసిన మనుషుల్ని నెర్వా అనే అంతరిక్ష కేంద్రంలో నిద్రపుచ్చుతారు. నోవహు ఓడ లాంటిదే కాబట్టి వాళ్ళ నాయకుడికి ఆ పేరు. వేల ఏళ్ళ తర్వాత లేచేసరికి విర్న్ అనే పురుగు జాతి లోపలికి చొరబడి ఉంటుంది. అది నోవాకి సోకుతుంది. చెయ్యి జేబులో దాచుకుని తిరుగుతాడు. రెండో భాగం చివర బయటికి తీస్తాడు. మణికట్టు, వేళ్ళు, అంతా ఆకుపచ్చటి బుడగలు.

అది రంగు వేసిన బబుల్ ర్యాప్. తెలిసి చూసినా గొంతు పట్టేస్తుంది నాకు. నోవాగా చేసిన కెంటన్ మూర్ ఆ చేతిని చూసే చూపు అలాంటిది. చివరికి నిలువెల్లా పురుగైపోయాక కూడా, మొత్తం గుంపుని ఒక నౌకలోకి నడిపించుకెళ్ళి, దాంతోపాటే పేలిపోతాడు. వెళ్ళేముందు, తనకి భార్య కావలసిన వీరాకి వీడ్కోలు చెబుతాడు.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే 'జెనెసిస్ ఆఫ్ ద డాలెక్స్' పెట్టుకున్నాను, ఆ రెండు తీగల ఘట్టం కోసం. డాలెక్స్ అంటే డాక్టర్‌కి బద్ధశత్రువులైన జాతి. తీగల కొసలు డాక్టర్ చేతుల్లోనే ఉంటాయి. తాకిస్తే చాలు, పేలుడు జరిగి డాలెక్ జాతే ఉండదు. నాకా హక్కు ఉందా అని ఆగిపోతాడు. రోగక్రిములైతే ఇలా వెనకాడేవాడివా అంటుంది డాక్టర్‌తో తిరిగే సారా జేన్. అందరూ ఆ ప్రశ్న గురించే మాట్లాడతారు గానీ, నాకు అంతకంటే ఇష్టమైంది తర్వాతి క్షణం. డాలెక్స్‌ని సృష్టించిన డావ్రోస్ దిగొచ్చాడని కబురు రాగానే ఆ తీగల్ని లాగి పారేస్తాడు. ఆ మొహంలో ఎంత ఊరటో! ఆ కబురు నిలవదు, మళ్ళీ రావాల్సి వస్తుంది. అప్పుడైనా పేలుడు ఆయన చేతుల మీదుగా జరగదు. ఒక డాలెక్కే తీగల మీదుగా దొర్లుకుంటూ పోతుంది.

'ది రోబోట్స్ ఆఫ్ డెత్' కూడా పెడదామనుకున్నాను. గొంతు నులుముతున్నప్పుడు కూడా ప్రశాంతంగానే ఉండే ఆ రోబోల శిల్పాల్లాంటి మొహాలు మరి. ఈలోగా అత్తయ్య టీ అడిగారు.

సాయంత్రం వాడికి నోవా కథ చెప్పాను. అంతా విని, "పురుగైపోయాక కూడా వాళ్ళ పేర్లు గుర్తున్నాయా అమ్మా?" అన్నాడు.

"ఒక్క పేరు గుర్తుంది నాన్నా."

డీవీడీలన్నీ అట్టపెట్టెలో సర్ది టేపు వేసేశాను. నెర్వా కథ మాత్రం టీవీ పక్కనే ఉంచాను. రేపు వాడు బడి నుంచి రాగానే మొదటి భాగం.