వెంకటేశం పక్షాన

కథలు రాస్తున్న పూర్వ విద్యార్థిగా నాకు నచ్చిన పాత్రల గురించీ, రాయడానికి గల కారణాల గురించీ చెప్పమని సంచిక సంపాదకవర్గం అడిగినప్పుడు, అందరూ ఊహించే, గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకంలోని మాటకారి గిరీశాన్ని పక్కన పెట్టి అతని శిష్యుడు వెంకటేశం పేరు చెప్పాలనిపించింది.

తొమ్మిదో తరగతిలో పాఠం త్వరగా పూర్తయిన రోజుల్లో మా తెలుగు మాస్టారు ఆ నాటకం తీసి, 1909 నాటి రెండో కూర్పులోని రంగాలను గొంతు మార్చి మార్చి చదివేవారు. గిరీశం నోరు విప్పితే చాలు, తరగతి ఘొల్లుమనేది. నేనూ నవ్వేవాణ్ణి గాని, నా దృష్టి ఆ మాటలు వింటున్న కుర్రవాడి మీదే నిలిచేది. పరీక్ష తప్పి, ఆ సంగతి తండ్రి అగ్నిహోత్రావధానులుకు చెప్పే ధైర్యం లేక, గురువును వెంటబెట్టుకుని కృష్ణరాయపురం అగ్రహారం చేరి, తల్లి ముచ్చటపడి ఇంగ్లీషులో మాట్లాడమంటే బడిలో బట్టీపట్టిన ముక్కలు అప్పజెప్పి గట్టెక్కే వెంకటేశం మా బెంచీల మీద సగంమందికి దగ్గరి చుట్టం. మాటకారిని సృష్టించడం కష్టమే. అతని ఎదుట నిలబడి, మెల్లగా అతని విద్యలు ఒంటబట్టించుకునే పిల్లవాణ్ణి నాలుగు పొడి మాటలతో బతికించడం అంతకన్నా కష్టమని నేను రాయడం మొదలుపెట్టాకే తెలిసింది.

ఆ తరువాత కూడా నన్ను పట్టుకున్నవాళ్లు ఇటువంటివారే. జబ్బుపడిన తనను బతికించుకోవడానికి తన ఫిడేలును భర్త అమ్మేస్తే ఆయనను తప్పుపట్టలేని, నష్టాన్ని మరచిపోనూ లేని, చాసో కథ ‘వాయులీనం’లోని రాజ్యం వారిలో ఒకరు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో, తన బిడ్డ కూడా అప్పుకు బానిస కాకూడదని ఆ బిడ్డనే చంపుకునే సీతారాముడు ఇష్టపాత్ర అనదగినవాడు కాడు; అయినా ఊరి న్యాయమంతా పద్ధతిగా, మర్యాదగా నడుస్తూనే మనిషిని ఎక్కడికి నెట్టగలదో అతని ద్వారానే నాకు అర్థమైంది. విశాఖపట్నంలో లెక్కల మాస్టారుగా పనిచేసిన ఆ కథకుడు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అనే కథల గ్రంథాలయాన్ని నెలకొల్పి, పేరున్నవారి కథలతో పాటు ఒకటీ అరా రాసి ఆగిపోయినవారి కథలను కూడా సేకరించారు. ఆ బీరువాల మధ్య తిరిగిన తరువాత, చిన్న పత్రికలో అచ్చయితే ఎవరు చదువుతారన్న నా బెంగ చాలావరకు తీరిపోయింది.

ఎందుకు రాస్తున్నానంటే, మా ప్రాంతంలో బ్యాంకులోనైనా, తగవు తీర్చే రచ్చబండ దగ్గరైనా ఒకరు మాట్లాడితే పదిమంది తలాడిస్తారు; ఆ తలాడింపులో ఒప్పుదల ఎంతో, భయం ఎంతో, వెటకారం ఎంతో విడదీసి చూడాలన్న కుతూహలమే నా చేత రాయిస్తోంది. సమాజాన్ని మార్చడానికి రాస్తున్నానని వేదికల మీద నేనూ అన్నాను గాని, రాయడానికి కూర్చున్నప్పుడు అంత పెద్ద మాట గుర్తుకు రాదు. నా మొదటి కథలో తాతకు వచ్చిన అప్పు నోటీసును మనవడు కఠినమైన వాక్యాలు దాటేసి చదివి వినిపిస్తాడు. ఆ మనవడు ఎవరని తోటివారు అడుగుతూనే ఉన్నారు. మీలో ముగ్గురినైనా కలపకుండా నేను ఒక్క పాత్రను కూడా తయారు చేయలేదు కనుక, పరువు నష్టం దావా వేయదలచినవారు ముందుగా మిగతా ఇద్దరినీ వెతుక్కోవలసి ఉంటుంది.