వాట్సాప్‌లో చెత్త తీసే పద్ధతి

ఫోన్ నిండిందంటే ముందు వాట్సాప్ వీడియోలు చూడండి. శుభోదయం బొమ్మ వంద, రెండొందల కేబీలే. పెళ్లి వీడియో ఒక్కటే వందల ఎంబీలు తినొచ్చు.

సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరవండి. పైన "5 ఎంబీ కంటే పెద్దవి", "చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి" అని కనిపిస్తాయి. రెండోదాన్ని ముందు ఖాళీ చేయండి, అందులో పోతే బాధపడేది దాదాపు ఉండదు. చెరిపేటప్పుడు కాపీలన్నీ తీసెయ్యాలా అని అడిగితే టిక్ పెట్టండి. లేదంటే అదే వీడియో ఇంకో గ్రూపులో అలాగే కూర్చుంటుంది.

అమ్మమ్మ గొంతున్న వాయిస్ మెసేజ్, పొలం కాగితాల ఫోటో లాంటివి మాత్రం ముందే వేరేచోట దాచుకోండి. మళ్లీ దొరకవు.

ఇంత చేసినా చోటు పెరగలేదా? ఫైల్ మేనేజర్‌లో వాట్సాప్ వీడియో ఫోల్డర్ లోపల "సెంట్" అని ఇంకోటి ఉంటుంది. మీరు పంపినవాటి నకళ్లు అక్కడ పేరుకుంటాయి. గ్యాలరీ నుంచి చెరిపినవి ట్రాష్‌లో ఇంకా ఉంటాయి, అదీ ఖాళీ చేయాలి.

మళ్లీ నిండకుండా ఆటోమేటిక్ డౌన్‌లోడ్‌లో వీడియోలు ఆపేయండి. అక్కడ వైఫైకి వేరే వరుస ఉంటుంది, దాన్లోనూ ఆపాలని చాలామంది మర్చిపోతారు.

బ్యాకప్‌లో వీడియోలు కలపకండి. ఆండ్రాయిడ్‌లో అది గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోంచే పోతుంది, గూగుల్ కంప్యూటర్లుండే డేటా సెంటర్లో కరెంటూ తాగుతుంది. పర్యావరణానికి అంతకంటే పెద్ద మేలు, చోటు చాలక కొత్త ఫోన్ కొనకపోవడం. ఫోన్ వల్ల పుట్టే కాలుష్యంలో ఎక్కువ భాగం దాని తయారీలోనిదే.