దండారికి వెళ్ళొచ్చా అని అడిగాను

ఈ మధ్య నిద్ర పడుతోంది. అన్నం రుచి తెలుస్తోంది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

మాది ఉట్నూరు వైపు ఒక గోండు గూడెం. ఇంటర్ అయ్యాక చదువు కోసం పట్నం హాస్టల్‌కి వెళ్ళాను. ముందు నిద్ర పోయింది, తర్వాత ఆకలి, ఆ తర్వాత మంచం దిగాలన్న కోరిక కూడా. రక్తపరీక్షలు, ఈసీజీ అన్నీ చేసి నార్మల్ అన్నారు.

ఒక రాత్రి గుండె దడ మొదలైంది. ఊపిరి ఆడలేదు. చచ్చిపోతానని భయం వేసింది. కాసేపటికి ఆ భయం పోయి, పోతే పోనీ అనిపించింది. అది ఇంకా భయంకరం. రూమ్‌లో ఎవరూ లేరు, అందరూ సెలవులకు వెళ్ళిపోయారు. ఎలాగో లేచి పక్క రూమ్ తలుపు కొట్టాను. ఆ అబ్బాయితో నాకు అంతగా పరిచయం లేదు. ఏమైందని అడగలేదు. నీళ్ళిచ్చి, లైటు వేసి, తెల్లారేదాకా నా పక్కనే కూర్చున్నాడు. ఈరోజు నేనున్నానంటే అతని వల్లే.

నాన్న వచ్చి మానసిక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. చనిపోయిన తాత కలలో కనిపించి ఇంటికి రమ్మంటున్నాడని చెప్పాను. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పోయినా ఇంట్లోవాళ్ళే. కొత్త పంట వస్తే ముందు వాళ్ళకు పెట్టాకే మేం తింటాం. డాక్టరు పక్కనున్న జూనియర్‌ని చూసి నవ్వాడు: "ఏజెన్సీ కేసులు ఇంతే. సగం దయ్యాలు, సగం గుడుంబా."

నేను ఎప్పుడూ తాగలేదు. తాగుతావా అని అడగనూ లేదు. నాన్న చేతులు కట్టుకుని "సరే సార్" అన్నాడు. ఆయన చేత అలా అనిపించినందుకే ఆ డాక్టరును నేను క్షమించలేదు.

గూడెంలో కటోడ, అంటే మా పూజారి, పూజ చేశాడు. నన్ను ఎవరూ వింతగా చూడలేదు కాబట్టి మనసు కొంచెం తేలికపడింది. నిద్ర మాత్రం రాలేదు. "దేవుడి పని నేను చేశా, మందుల పని వాళ్ళు చెయ్యాలి" అని ఆయనే అన్నాడు. అదే వారం ఊళ్ళో మీటింగ్‌కి వచ్చిన ఒక పెద్దమనిషి, అడవి బిడ్డలకు డిప్రెషన్ రాదని మైకులో చెప్పాడు. ఒకాయన వెక్కిరింపు, ఒకాయన పొగడ్త. ఇద్దరిలో ఒక్కరూ నన్ను చూడలేదు.

మమ్మల్ని దారిలో పెట్టింది మా గోండుల ఆడబిడ్డే, ఒక నర్సు. "తమ్మీ, మన మాటలోనే చెప్పు, నేను డాక్టరమ్మకు చెబుతా" అంది. చెప్పడం మొదలుపెడితే ఏడుపు ఆగలేదు. డాక్టరమ్మ తాత గురించి విని, "ఆయన వస్తే నీకు భయమా, ధైర్యమా?" అని అడిగింది. ధైర్యమే అన్నాను. అయితే దానికి మందు అక్కర్లేదని, నిద్రకూ దిగులుకూ మాత్రం రాసింది. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పింది. నిజంగానే పట్టింది.

న్యూజిలాండ్‌లో ఇరిహపేటి రామ్స్‌డెన్ అనే మావోరీ (అక్కడి ఆదివాసీ) నర్సు, రోగి నమ్మకాలను గౌరవించే ఇలాంటి వైద్యం కోసమే పోరాడిందని తర్వాత తెలిసింది. వైద్యం తనకు క్షేమంగా ఉందో లేదో చెప్పాల్సింది రోగే అని ఆమె వాదన. 1992 నుంచి అక్కడ నర్సుల చదువులోనే అది భాగం. మన దగ్గర 2017 మానసిక ఆరోగ్య చట్టం వివక్ష లేని వైద్యం మన హక్కు అంటుంది. మన వైద్య రికార్డులు చూపించమని అడిగే హక్కూ ఉంది. గూడేల పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి. రాత్రిపూట నాలాగే అయితే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ లైన్ వాళ్ళు ఏ వేళైనా ఎత్తుతారు, డబ్బు కట్టక్కర్లేదు. పక్క రూమ్ తలుపు కూడా కొట్టండి.

ఈసారి దీపావళికి మా గోండుల ఆటపాటల పండగ దండారిలో గుస్సాడీ ఆటగాడి వేషం కట్టాలని ఉంది. దీక్షలో నేల మీద పడుకోవాలి, రాత్రిళ్ళు ఆడాలి. వెళ్ళొచ్చా అని డాక్టరమ్మను అడిగాను. క్యాలెండర్ చూసి నా తర్వాతి అపాయింట్‌మెంట్ పండగ అయిపోయాకకు మార్చింది. మాత్రలు వెంట పెట్టుకోమని, పగలు కొంచెం పడుకోమని చెప్పింది. నెమలి ఈకల టోపీ మా చిన్నాన్న సిద్ధం చేస్తున్నాడు.